నొప్పి గోలీ, బీడీ పొగ - ఊపిరితిత్తుల క్యాన్సర్ సంగతి

(పెన్షనర్ల దినోత్సవం సందర్భంగా తాండూరులో జరిగిన సభలో చేసిన ప్రసంగం పాఠం)



డిసెంబరు 17 అనగానే మనకు 1982 నాటి నకారా తీర్పు గుర్తుకు వస్తుంది. ఆ తీర్పు గురించి నాకంటే చక్కగా చెప్పగలవారు ఇంతకుముందే చెప్పారు. డి.ఏ. బకాయిల సంగతి కార్యదర్శిగారు చూసుకుంటారు. నాకు అప్పగించిన పని వేరు. పది రోజుల కిందట కార్యదర్శిగారు ఫోను చేసి, "సార్, నొప్పుల గోలీ రోజుకొకటి ఏసుకుంటే పొగ తాగేటోళ్లకు ఊపిరితిత్తుల క్యాన్సర్ రాదంట గదా! మనోళ్లు అందరు అడుగుతున్నరు. జర మీరే చెప్పున్రి" అన్నారు. ఆ వెనకాలే ఎవరో "గట్లయితె బీడీ బంద్ జేసే పనే లేదు" అని నవ్వడం కూడా ఫోనులో వినబడింది. ఆ నవ్వినాయన ఈ సభలోనే ఉన్నారని నా అనుమానం.

నేను డాక్టరును కాను. ఫార్మసిస్టుగా ముప్పయ్యేళ్ళకు పైగా ప్రభుత్వ ఆసుపత్రుల కిటికీ వెనుక కూర్చుని మందులు లెక్కబెట్టి ఇచ్చినవాణ్ణి. కాబట్టి నేను చెప్పేది వైద్య సలహాగా కాక, మందుల సంగతి కొంత తెలిసిన తోటి పెన్షనరు మాటగా తీసుకోవలసిందిగా మనవి.

ముందుగా, ఏ గోలీ? మనవాళ్ళకు జ్వరం గోలీ, నొప్పి గోలీ అన్నీ ఒకటే. పారాసిటమాల్ సంగతి వేరు, దాన్ని ఇవాళ పక్కన పెడదాం. ఈ పరిశోధనలన్నీ ఆస్పిరిన్, దాని వరుసకు చెందిన మందుల మీద జరిగాయి. బ్రూఫెన్, డైక్లోఫెనాక్, నాప్రోక్సెన్, సెలికాక్సిబ్ అన్నీ ఆ వరుసవే. మోకాళ్ళకు మనం వాడేవి ఇవే. గుండె జబ్బు వచ్చినవారికి డాక్టర్లు రాసే ఎకోస్ప్రిన్ 75 కూడా చిన్న మోతాదు ఆస్పిరినే.

ఆస్పిరిన్ కొత్త మందు కాదు. జర్మనీలో బేయర్ కంపెనీ 1899 నుండి అమ్ముతున్నది. కాని అది శరీరంలో ఏం చేసి నొప్పి తగ్గిస్తుందో 1971 దాకా ఎవరికీ తెలియదు. ఇంగ్లండులో జాన్ వేన్ అనే శాస్త్రవేత్త కనిపెట్టాడు. ప్రోస్టాగ్లాండిన్లు అనే పదార్థాలు శరీరంలో తయారవుతుంటాయి. నొప్పికి, వాపుకు, జ్వరానికి అవే కారణం. వాటి తయారీని ఆస్పిరిన్ ఆపుతుంది. ఈ పనికి ఆయనకు 1982లో మరో ఇద్దరితో కలిపి నోబెల్ బహుమతి వచ్చింది. మనకు నకారా తీర్పు వచ్చిన సంవత్సరమే!

అయితే అవే ప్రోస్టాగ్లాండిన్లు కడుపులోపలి పొరను కాపాడతాయి, మూత్రపిండాలకు రక్తం సరిగా అందేటట్లు చూస్తాయి. అంటే దొంగతో పాటు కాపలావాణ్ణి కూడా కట్టేసే మందు ఇది. ఈ ఒక్క ముక్క గుర్తుంచుకుంటే నేను తరువాత చెప్పేదంతా తేలికగా అర్థమవుతుంది.

మరి క్యాన్సర్ సంబంధం ఎక్కడిది? పొగ వెళ్ళిన చోటల్లా లోపలి పొర కమిలిపోతుంది. పుండు మానీ మానకముందే మళ్ళీ పొగ తగులుతుంది. అలా ఏళ్ళ తరబడి కమిలిన చోట కణాలు దారి తప్పుతాయి. ఆ కమిలింపును మందుతో చల్లారిస్తే క్యాన్సర్ రాకుండా ఉంటుందా అన్నది శాస్త్రజ్ఞుల ప్రశ్న. మంచి ప్రశ్నే. 1988లో ఆస్ట్రేలియాలోని మెల్బోర్నులో, ఆస్పిరిన్ వాడేవారిలో పెద్దపేగు క్యాన్సర్ తక్కువగా ఉన్నదని గమనించారు. 1991లో అమెరికన్ క్యాన్సర్ సొసైటీవారు 6 లక్షల 60 వేల మందికి పైగా మనుషుల లెక్కలు తీసి ఇంచుమించు అదే మాట చెప్పారు. సెలికాక్సిబ్ ఎలుకల్లో పెద్దపేగు క్యాన్సర్‌ను అడ్డుకుంటుందని 1998లో చూపిన బృందంలో బండారు ఎస్. రెడ్డి, చింతలపల్లి వి. రావు గార్ల పేర్లున్నాయి. అప్పుడు వారు న్యూయార్క్ రాష్ట్రంలోని అమెరికన్ హెల్త్ ఫౌండేషన్‌లో పనిచేసేవారు. ఆ పేర్లు చదివినప్పుడు నాకు కలిగిన సంతోషం మీకు వేరే చెప్పనక్కరలేదు.

కాని అది పెద్దపేగు. ఊపిరితిత్తి సంగతి అంత సులువుగా తేలలేదు. ఎందుకు తేలలేదో చెప్పాలంటే మన రాష్ట్రాల్లో జరిగిన పని ఒకటి చెప్పాలి. దీని గురించి మనవాళ్ళలో చాలామందికి తెలియదు.

శ్రీకాకుళం వైపు 'అడ్డపొగ' అని ఒక అలవాటున్నది. చుట్ట వెలిగించి, నిప్పున్న కొసను నోట్లో పెట్టుకుని పీలుస్తారు. ఎక్కువగా ఆడవాళ్ళే. దానివల్ల అంగుట్లో మచ్చలు వస్తాయి. వాటిలో కొన్ని క్యాన్సరుగా మారతాయి. మన హైదరాబాదు తార్నాకలోని జాతీయ పోషకాహార సంస్థ, అంటే ఎన్.ఐ.ఎన్. నుండి డాక్టర్ కమలా కృష్ణస్వామి గారి బృందం అక్కడికి వెళ్ళింది. అడ్డపొగ తాగేవారిలో కొందరికి విటమిన్ ఎ, రైబోఫ్లేవిన్, జింకు, సెలీనియం కలిపి ఒక ఏడాది ఇచ్చారు. మిగిలినవారికి చూడటానికి అలాగే ఉండి లోపల మందు లేని గోలీలిచ్చారు. ఎవరిది ఏ గోలీయో తినేవారికీ తెలియదు, నోరు చూసే డాక్టరుకూ తెలియదు. 1995లో ఫలితాలు అచ్చయ్యాయి. మందు తిన్నవారిలో 57 శాతం మందికి మచ్చలు పూర్తిగా పోయాయి. ఉత్త గోలీ తిన్నవారిలో 8 శాతం మందికే పోయాయి.

ఉత్త గోలీ తిన్నవారికి కూడా 8 శాతం పోయాయి, చూశారా! పోల్చడానికి ఆ రెండో గుంపు లేకపోతే ఆ 8 శాతాన్ని కూడా మందు ఖాతాలోనే రాసేవాళ్ళం. గోలీ తిన్నాక నయమైంది కాబట్టి గోలీవల్లే నయమైంది అనుకోవడం మన అందరి బలహీనత. కిటికీ వెనుక కూర్చుని దాన్ని నేను రోజూ చూశాను.

అదే సంస్థవారు 1992లో మరో చిన్న పరీక్ష అచ్చు వేశారు. చాలాకాలంగా పొగ తాగుతున్న 16 మందికి రోజుకు ఒకటిన్నర గ్రాముల పసుపు నెలరోజులు ఇచ్చారు. కణాల్లోని జన్యువులను చెడగొట్టే పదార్థాలు మూత్రంలో తగ్గాయని తేలింది. ఇది విని ఇంటికి వెళ్ళి పసుపు డబ్బా తీయబోయే వారికి ఒక మాట. తగ్గినవి మూత్రంలోని పదార్థాలు. ఆ పదహారుగురిలో ఎవరికి క్యాన్సర్ వచ్చింది, ఎవరికి రాలేదు అన్నది ఆ నెలరోజుల్లో తెలిసేది కాదు, తెలుసుకోవాలని వారు అనుకోనూ లేదు. ఆ పరిశోధకులు తమ పరీక్ష ఎంతవరకు చెబుతుందో అంతవరకే చెప్పారు. మిగిలింది మనం కలుపుకుంటాం.

నోటిలో మచ్చ ఉంటే టార్చిలైటు వేసి చూడవచ్చు. ఊపిరితిత్తి లోపలికి టార్చి వెయ్యలేం. గొంతులోంచి గొట్టం దింపి, చిన్న ముక్క తీసి, కణాలు ఎంత వేగంగా పెరుగుతున్నాయో సూక్ష్మదర్శినిలో చూడాలి. లాస్ ఏంజిలిస్‌లో అలాగే చేశారు. పొగ మానేసినవారికి ఆరు నెలలు సెలికాక్సిబ్ ఇచ్చి చూస్తే కణాల పెరుగుదల సూచిక సుమారు మూడో వంతు తగ్గింది. ఉత్త గోలీ తిన్నవారిలో తగ్గలేదు. ఇది 2011 మాట. ఇదే వరుసలోని సులిండాక్ అనే మందును శ్వాసనాళాల్లో మార్పులు మొదలైనవారికి ఆరు నెలలిచ్చి చూసిన ఫలితం 2013లో వచ్చింది. చెప్పుకోదగ్గ తేడా లేదు. ఒకటి ఆశ పెట్టింది, మరొకటి తీసేసింది. రెండూ చూసింది సూచికలనే, క్యాన్సర్‌ను కాదు.

క్యాన్సర్‌నే లెక్క పెట్టిన పెద్ద పరీక్షలు కూడా ఉన్నాయి. 2011లో ఆక్స్‌ఫర్డులో పీటర్ రాత్వెల్ బృందం గుండె, రక్తనాళాల జబ్బుల కోసం ఎప్పుడో జరిగిన 8 ఆస్పిరిన్ పరీక్షల కాగితాలు మళ్ళీ తిరగేసింది. మొత్తం 25,570 మంది. ఆస్పిరిన్ తిన్నవారిలో క్యాన్సర్ మరణాలు సుమారు అయిదో వంతు తక్కువ. ఊపిరితిత్తుల విషయంలో మాత్రం ఎడినోకార్సినోమా అనే ఒక్క రకంలోనే, అదీ సుమారు అయిదేళ్ళు వాడిన తరువాతే ప్రయోజనం కనబడింది. పత్రికల్లో పెద్ద అక్షరాలతో వచ్చేవి ఇలాంటి లెక్కలే. ఇంతకుముందు 2005లో అమెరికాలో దాదాపు 40 వేల మంది స్త్రీలకు దినం విడిచి దినం 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ పదేళ్ళు ఇచ్చి చూసిన ఫలితం వెలువడింది. మొత్తం క్యాన్సర్లలో తేడా లేదు. ఊపిరితిత్తుల్లో కొంచెం తగ్గినట్లు అనిపించింది గాని, అది కాకతాళీయం కాదని గట్టిగా చెప్పగలిగేంత తేడా కాదు.

ఆ తరువాత మన వయసువారి పరీక్ష ఒకటి జరిగింది. ఆస్ట్రేలియా, అమెరికాలలో 19,114 మంది, చాలావరకు 70 దాటినవారు, గుండె జబ్బు లేనివారు. సగం మందికి రోజూ 100 మిల్లీగ్రాముల ఆస్పిరిన్, సగం మందికి ఉత్త గోలీ. 2018లో ఫలితం వచ్చింది. ప్రమాదకరమైన రక్తస్రావం ఆస్పిరిన్ తిన్న నూరుమందిలో 3.8 మందికి, ఉత్త గోలీ తిన్నవారిలో 2.8 మందికి. క్యాన్సర్ మరణాలు తగ్గకపోగా ఆస్పిరిన్ వైపే ఎక్కువ, 3.1కి 2.3. ఎందుకలా అయిందో పరిశోధకులకే ఆశ్చర్యం. అరవై దాటినవారు గుండె జబ్బు రాకముందే ముందుజాగ్రత్త పేరిట కొత్తగా ఆస్పిరిన్ మొదలుపెట్టవద్దని అమెరికాలోని నిపుణుల సంఘం 2022లో చెప్పింది.

"తింటే తిన్నం, పోయేదేమున్నది" అనే మిత్రులకు మరో రెండు సంగతులు చెప్పకుండా ఉండలేను. క్యారెట్టులో ఉండే బీటా కెరోటిన్ ఎవరికి హాని చేస్తుంది? అలాగే అనుకుని ఫిన్లండులో పొగ తాగే 29 వేల మంది మగవారికి పరీక్షగా ఇచ్చారు. 1994లో లెక్క చూస్తే బీటా కెరోటిన్ తిన్నవారిలో ఊపిరితిత్తుల క్యాన్సర్ 18 శాతం ఎక్కువ. తక్కువ కాదండీ, ఎక్కువ! అమెరికాలో అలాంటిదే మరో పరీక్షను అదే కారణంతో 1996 జనవరిలో మధ్యలోనే ఆపేశారు. రెండోది రోఫికాక్సిబ్, వయాక్స్ అనే పేరుతో వచ్చిన నొప్పి మందు. కడుపుకు మంచిదని ప్రపంచమంతా వాడింది. పెద్దపేగులో పిలకలు మళ్ళీ రాకుండా ఆపుతుందేమో చూద్దామని పరీక్ష పెట్టారు. పద్దెనిమిది నెలలు దాటేసరికి గుండెపోట్లు, పక్షవాతాలు పెరిగాయి. 2004 సెప్టెంబరు 30న కంపెనీయే దాన్ని ప్రపంచమంతటా ఉపసంహరించింది. క్యాన్సర్ ఆపడానికి పెట్టిన పరీక్షలో ఆ మందు గుండెకు చేసే హాని బయటపడింది. పరీక్ష పెట్టకుండా ఉంటే ఇంకెందరు పోయేవారో.

ఇక మన దగ్గరి మాట. ఆయన అనుమతితోనే చెబుతున్నాను, పేరు చెప్పను. మన సభ్యుడొకరు నలభై ఏళ్ళుగా బీడీ తాగుతున్నారు. మోకాళ్ళకు డైక్లోఫెనాక్ మందుల షాపులో చీటీ లేకుండానే కొనుక్కుని రోజూ వేసుకునేవారు. బి.పి. మందు సరేసరి. ఎవరో చెప్పగా క్యాన్సర్ రాదనే భరోసాతో ఆస్పిరిన్ కూడా మొదలుపెట్టారు. బీడీలు తగ్గించారా అంటే లేదు, "గోలీ ఉన్నది గదా" అని రెండు పెంచారట. రెండో నెలలో విరేచనం తారులాగా నల్లగా కాసాగింది. కంది పప్పు వేడి చేసిందనుకుని మజ్జిగ తాగారు. పాపం తాండూరు కంది పప్పుకు 2022లో జి.ఐ. గుర్తింపు వచ్చింది గాని ఈ నింద తప్పలేదు! బాత్‌రూములో కళ్ళు తిరిగి పడిపోతే కొడుకు, కోడలు ఆటోలో వేసుకుని పరుగెత్తారు. మూడు సీసాల రక్తం ఎక్కించారు. బతికారు. ఆయన భార్య నాతో అన్న మాట: "అన్నా, రాని రోగానికి మందు తిని, లేని రోగం తెచ్చుకున్నడు."

కాబట్టి నల్లటి విరేచనం, కాఫీ పొడిలాంటి వాంతి, కారణం తెలియని నీరసం కనిపిస్తే ఆ రోజే ఆసుపత్రికి వెళ్ళండి. బి.పి.కి, మూత్రం జారీకి మందులు వాడేవారు నొప్పి గోలీలు రోజూ మింగితే మూత్రపిండాలు దెబ్బ తింటాయి. అయితే ఒకటి తప్పకుండా వినండి. గుండెపోటు వచ్చినవారు, స్టెంటు వేయించుకున్నవారు, పక్షవాతం వచ్చి డాక్టరు ఆస్పిరిన్ రాసినవారు నా ఉపన్యాసం విని ఆ గోలీ మానేయకండి. ఇందాకటి లెక్కలు మీవి కావు. మీకు దాని ప్రయోజనం ఎప్పుడో రుజువైంది. మానితే ప్రమాదం.

మరి పొగ తాగేవారికి ఏమీ లేదా? ఉన్నది. మళ్ళీ శ్రీకాకుళమే వెళ్దాం. అక్కడా, కేరళలోని ఎర్నాకుళంలో, గుజరాత్‌లోని భావనగర్‌లో 36 వేల మంది పొగాకు అలవాటున్నవారి మీద మరో అధ్యయనం జరిగింది. 1986లో ఫలితాలు వచ్చాయి. అక్కడ గోలీ లేదు, ఇంజెక్షను లేదు. మనిషి ఎదుట కూర్చుని మాట్లాడటం, బొమ్మలు చూపించడం, మళ్ళీ వచ్చి మళ్ళీ మాట్లాడటం, అంతే. మానినవారు పెరిగారు, నోటిలో కొత్త తెల్లమచ్చలు తగ్గాయి. ఇంగ్లండులో రిచర్డ్ డాల్ 34 వేల మంది డాక్టర్లను 1951 నుండి 50 ఏళ్ళు గమనించి 2004లో లెక్క చెప్పారు. 30 ఏళ్ళకు మానితే సుమారు పదేళ్ళు, 50కి మానితే ఆరేళ్ళు, 60కి మానినా మూడేళ్ళ ఆయుష్షు మిగులుతుంది. మూడేళ్ళంటే ముప్పయ్యారు నెలల పెన్షను! మన సంఘంలో ఇంతకంటే బాగా అర్థమయ్యే లెక్క నాకు తెలియదు. మానిన పదేళ్ళకు ఊపిరితిత్తుల క్యాన్సర్ ముప్పు తాగుతూనే ఉన్నవారితో పోలిస్తే దాదాపు సగమవుతుంది. మానడానికి సాయం కావాలంటే సిగరెట్ పెట్టె మీద అచ్చు వేసిన 1800-11-2356 నంబరు ఉన్నది, ఖర్చు లేదు.

ఇంకొక్కటి, ఇది ప్రత్యేకించి మన ప్రాంతానికి. ఇక్కడ దగ్గుకు సాకులు ఎక్కువ. తాండూరులో బండల పాలిషింగు దుమ్మంటారు, సిమెంటు దుమ్మంటారు. వికారాబాదు వైపు వెళితే దగ్గు అనగానే అనంతగిరి టి.బి. ఆసుపత్రి గుర్తుకు వస్తుంది, నిజాం కాలం నుండి ఉన్నది కాబట్టి. దుమ్మూ నిజమే, టి.బి.యూ నిజమే. కాని ఎక్సరేలో కనబడిన మచ్చ టి.బి.యే అయి ఉంటుందని, కఫం పరీక్షలో క్రిమి కనబడకపోయినా నెలల తరబడి మందులు మింగి, చివరికి క్యాన్సరని తేలినవారు దేశమంతటా ఉన్నారు. పొగ తాగిన మనిషికి మూడు వారాలు దాటిన దగ్గు, కఫంలో నెత్తురు, గొంతు బొంగురు, తూకం తగ్గడం ఉంటే కఫం పరీక్ష, ఎక్సరే తప్పనిసరి. టి.బి. మందు వాడుతున్నా తగ్గకపోతే "ఇది ఇంకేమన్నానా సార్" అని మనమే అడగాలి. అడిగితే డాక్టర్లు కోప్పడరు. హైదరాబాదు రెడ్‌హిల్స్‌లో ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రి మన ప్రభుత్వానిదే. నాంపల్లిలో రైలు దిగితే దగ్గరే.

నాకిచ్చిన సమయం అయిపోయిందని అధ్యక్షులవారు గడియారం చూపిస్తున్నారు. భోజనాల తరువాత ఆ కిటికీ పక్కన కూర్చుంటాను. రోజూ వాడే గోలీలు కవర్లతో సహా తెచ్చుకున్నవారు చూపించండి, ఏది ఏ వరుసదో చెబుతాను. ఫోనులో నవ్విన మిత్రుడు ముందుగా రావలసిందిగా కోరుతూ సెలవు తీసుకుంటున్నాను.